పాత సత్రం దగ్గర హాజరు

జాబితా రాయమన్నది మా ఆయనే. "నీ చేతిరాత బాగుంటుంది కదా, కూర్చో" అన్నాడు నాగేంద్రప్రసాద్. అప్పటికి నేను దారికి చపాతీలు కాల్చి, నీళ్ల డబ్బాలు నింపి, ఇద్దరి బట్టలూ మూట కట్టాను. ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. మా స్కూలు బస్సులో బాగ్దాదు మీదుగా జోర్డాన్ సరిహద్దుకు పోవాలని నిర్ణయమైంది. ఆయన చెబుతుంటే రాశాను. పెద్దన్న, పెద్దన్న భార్య. సురేష్, సురేష్ భార్య. పనిమనిషి ఒకటి, రెండు, మూడు. చివర ఆయన పేరు. దాని కింద "భార్య" అని నా చేత్తోనే రాసుకున్నాను.

బస్సు కువైట్ ఊరి శివారు ఖైతాన్ దాటకముందే అయిదో తరగతి హాజరుపట్టీ తీసి, వెనక ఖాళీ పేజీలో మగవాళ్ల పేర్ల పక్కనే ఆడవాళ్ల పేర్లూ అడిగి రాయసాగాను. "ఇదేమన్నా నీ క్లాసా?" అన్నాడాయన. మూడో పనిమనిషి కాసేపు ఆలోచించింది. ఆరేళ్లుగా పనిచేస్తున్న అరబ్బుల ఇంట్లో ఆమెను "యల్లా", అంటే "కానీ, త్వరగా" అని తప్ప పిలవలేదట. "సంజీవమ్మ, టీచరమ్మా. మాది రాయచోటి కాడ" అంది.

ఆ పట్టీ ముందు పేజీల్లో సుధారాణి పేరుంది. నా కూతురు. నా క్లాసులోనే చదివింది. మార్చిలో జ్వరంతో పోయింది. వారం తర్వాత స్కూలుకు వెళ్లి, అలవాటుగా దాని పేరు పిలిచాను. ఎవరూ పలకలేదు. తలెత్తకుండా తర్వాతి పేరుకు వెళ్లాను. సంగతి తెలిసి ఆయన, "లేనిదాన్ని పిలవడమేంటి, పిచ్చిదానిలా" అన్నాడు. ఆయనా ఏడ్చాడు. ఏడుస్తూనే టీ పెట్టమన్నాడు. పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం ఎడారిలో కూలిపోయిన సత్రం దగ్గర ఆగాం. పూర్వం ఒంటెల బిడారులు దిగే చోటని డ్రైవరు హుస్సేన్ పీరా చెప్పాడు. మొండి గోడలు, వాటి వెనక ఎండిపోయిన లోతైన నీళ్ల తొట్టి. ఆడవాళ్లం చీరలు అడ్డం పట్టుకుని వంతులవారీగా గోడ చాటుకు వెళ్లొచ్చాం. మా ఆయన బస్సు మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టాడు. "నలభై రెండు. సరిపోయింది, పోనీ."

నేను పేర్లు పిలిచాను. సంజీవమ్మ పలకలేదు. వెనక సీట్లో మాత్రం, అక్కడ ఆగిన లారీ దిగి మా బస్సెక్కిన కొత్తాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. మా ఆయన లెక్క అతనితో సరిపోయింది.

"సాయంత్రానికి సరిహద్దు మూసేస్తారంట. ఒక పనిమనిషి కోసం ఇంతమందిని ఎండలో మాడుస్తావా? వెనకొచ్చే బస్సు ఎక్కుతుందిలే" అన్నాడు మా ఆయన. కొందరు తలలూపారు. సరిహద్దు మూసేస్తారన్నది నిజమే కావచ్చు. కానీ పలకని పేరును దాటి తర్వాతి పేరుకు వెళ్లడం ఒకసారి చేశాను. రెండోసారి చేయలేను. దిగి, బస్సుకు ఎదురుగా నిలబడి, ఇంజను ఆపమన్నాను.

పీరా ఆయన వంక చూశాడు, నా వంక చూశాడు. "బిడారోళ్లు గూడా మనిషిని ఇడిసిపెట్టి పోయుండరులే సార్" అని తాళం తిప్పి ఇంజను ఆపాడు.

ఎడారి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. మార్చి తర్వాత నా నోట రాని గొంతుతో పిలిచాను. రెండుసార్లు. మూడోసారికి గోడ వెనక నుంచి వినిపించింది.

"ఈడుండా, టీచరమ్మా!"

కాలు జారి తొట్టిలో పడిందట. అరుస్తూనే ఉందట, ఇంజను హోరులో మాకు వినపడలేదు. పెద్దన్న, సురేష్ పైకి లాగారు. మడమ వాచినా నవ్వుతోంది. "కువైట్‌లో మా ఇంటి అరబ్బామె, మామా గూడా ఇంత గట్టిగా పిలవల్యా."

బస్సు కదిలాక కొత్తాయన పేరూ అడిగి రాసుకుని, మళ్లీ మొదటి నుంచి పిలిచాను. అందరూ పలికారు, కొత్తాయనతో సహా. మా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"అందర్నీ పిలిస్తివి గానీ, నీ పేరేంది టీచరమ్మా?" అంది సంజీవమ్మ.

ఆయన చేతిలోని జాబితా అడిగి తీసుకున్నాను. చివరనున్న "భార్య" అన్న మాట కొట్టేసి, పక్కన నా పేరు రాశాను. తర్వాత క్లాసులో పిలిచినట్టే పిలిచాను.

"వెంకటేశ్వరి."

"ఉన్నాను" అన్నాను.