అగ్గిపెట్టె బండి

నా భార్య పోయిన తర్వాత వాళ్ళు మళ్ళీ మా ఇంటి మెట్లెక్కారు. ముగ్గురూ: నా బావమరిది, మందుల షాపు నడిపే ఆవిడ, ఒక బస్సు డ్రైవరు.

ఒకప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మా భోజనాల బల్ల వీళ్ళదే. నా భార్యతో కలిసి ఒక ఆట ఆడేవారు. తలా ఒక పాత్ర. నా బావమరిదికి మాత్రం పాత్ర లేదు, కథ నడుపుతాడు. అడవి అతనే, వాన అతనే, దారిలో ఎదురయ్యే ప్రతి మనిషీ అతనే. మిగతావాళ్ళు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. జరుగుతుందా లేదా అని అనుమానం వస్తే పాచిక వేస్తారు. నేను పక్క గదిలో కుట్టుమిషన్లు బాగుచేసుకునేవాణ్ణి. పెద్దవాళ్ళు ఇలా ఆడతారా అనుకునేవాణ్ణి.

నా భార్య పాత్ర ఒక వైద్యురాలు. బొమ్మ కోసం నా సొరుగులోంచి దారం చుట్టే ఖాళీ బాబిన్ తీసుకుని ఎర్ర గోళ్ళరంగు పూసింది.

వాళ్ళకొక కట్టుబాటు ఉంది. ఒకరి పాత్ర తరఫున మరొకరు మాట్లాడకూడదు. ఆడే మనిషి రాకపోతే ఆ పాత్ర బండిలో నిద్రపోతున్నట్టే. మిగతావాళ్ళు ఆ బండిని లాక్కుపోవాలి. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళు మందుల షాపు వెనక గదిలో ఆడారు. ఎర్ర బాబిన్‌ను అగ్గిపెట్టెలో పెట్టి లాక్కుపోయారు. ఆసుపత్రికి మాత్రం ఒక్కరూ రాలేదు. "అక్కను అలా చూడలేను బావా" అని ఫోనులో ఏడ్చేవాడు నా బావమరిది. నేను చూడగలిగాను కాబోలు.

ఇప్పుడు ఆ అగ్గిపెట్టెను మా బల్ల మీద పెట్టారు.

"తాళ్ళ వంతెన దగ్గర ఆగిపోయాం అన్నా," అన్నాడు డ్రైవరు. "మనుషులు దాటతారు గానీ బండి దాటదు."

"ఆ వంతెన ఎవరు పెట్టారు?"

"ఇంకెవరు, మీ బావమరిదే. ఆటలో నా దొంగని నిచ్చెన మీంచి తోయించింది కూడా ఈయనే. వాడింకా కుంటుతున్నాడు."

"దొంగతనానికెళ్ళి వంటింట్లో పాలు తాగుతూ కూర్చుంటే తొయ్యరా మరి?" అంది మందుల షాపావిడ. "నీ దొంగకి చేతికంటే నోరే ముందు."

నవ్వారు. ఎవరింట్లో ఉన్నారో గుర్తొచ్చి ఆపారు.

"నా పాత్ర రాక్షసి కదా, వదినని భుజాన వేసుకుని దాటిస్తుందన్నాను అన్నయ్యా. ఈయన ఒప్పుకోడే," అంది ఆవిడ.

"ఎన్నాళ్ళని మోస్తాం?" అన్నాడు నా బావమరిది. "వైద్యురాలు లేచి, వెంట తరుముకొస్తున్న శత్రువుల్ని ఒక్కత్తే ఆపి, మమ్మల్ని దాటించి పోతుంది. అక్కకి తగ్గ చావు అది. కానీ ఆమె మాట మేం చెప్పకూడదు. నువ్వు చెప్పాలి బావా. సరేనను చాలు."

"మీ అక్క ఎలా పోయిందో తెలుసా నీకు?"

అతను బల్ల వైపు చూశాడు.

"ఆ వైద్యురాలికి మొగుడున్నాడా?" అని అడిగాను.

"లేడన్నా," అన్నాడు డ్రైవరు. "ఒంటరిది."

తల ఊపాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అయితే వినండి. వైద్యురాలికి మెలకువ వచ్చింది. లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. నీళ్ళడుగుతోంది."

"నా దొంగ కాపలాకి పోయాడు..." అలవాటు కొద్దీ అనేసి డ్రైవరు నాలుక కరుచుకున్నాడు.

"నా రాక్షసి కట్టెలకెళ్ళింది," అంది ఆవిడ, వినీ వినపడనట్టు.

"అవును. అప్పుడూ మీకు పనులే." నా బావమరిది వైపు తిరిగాను. "మిగతా మనుషులంతా నువ్వే కదరా. ఆమెకొక తమ్ముడున్నాడు. పిలుస్తోంది. వస్తాడా?"

"బావా, వద్దు."

"ఆటే కదా. అనుమానముంటే పాచిక వెయ్యి."

పాచికను చాలాసేపు గుప్పిట్లో పట్టుకున్నాడు. వేశాడు. పెద్ద అంకె పడింది.

"వచ్చాడు," అన్నాడు డ్రైవరు.

నా బావమరిది అగ్గిపెట్టె మీదికి వంగాడు. "వచ్చానక్కా. ఇవిగో నీళ్ళు," అన్నాడు. భోరుమన్నాడు. మందుల షాపావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకేమీ అనిపించలేదు. గోడ గడియారం చప్పుడు వినిపించింది.

"రాలేదు," అన్నాను.

"పాచిక వచ్చాడంది కదన్నా."

"ఆమె తరఫున మాట్లాడేది నేను. ఆమె కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ గుమ్మంలో ఎవరూ లేరు. నీళ్ళు అందలేదు."

"అయ్యో, ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు అన్నయ్యా!"

"మొగుడు లేడన్నారుగా."

డ్రైవరు పాచికను తీసి జేబులో వేసుకున్నాడు.

"పోయింది," అన్నాను. "ఇక మీ వంతెన దాటండి."

లేచారు. నా బావమరిది గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకోబోయాడు. తలుపు వెయ్యాలన్నాను. అగ్గిపెట్టె బల్ల మీదే వదిలేసి వెళ్ళారు.

మర్నాడు బాగుకొచ్చిన మిషనులో బాబిన్ లేదు. ఎర్రరంగు బ్లేడుతో గీకి, దారం చుట్టి అదే వేశాను. బాగానే తిరిగింది.