సింహానికి చేసిన వైద్యం

సోఫాలు కుట్టే ఆయన్ని వీధిలో అందరూ సింహం బావ అనేవారు. గర్జించే మనిషని కాదు. గర్జన ఆ ఇంట్లో భార్య వాటా. వయసులో ఉండగా, గొంతుకు ఎముక అడ్డం పడి గిలగిల్లాడుతున్న సర్కస్ సింహాన్ని తన చేత్తో బతికించానని చెప్పుకునేవాడు. సర్కస్ డేరాకు చిరుగులు కుట్టడానికి వెళ్లిన మాట నిజమే. ఆ సింహానికి అప్పటికే పళ్లన్నీ ఊడి, పాలు తప్ప ముట్టేది కాదన్న సంగతిని మాత్రం ఆయన కథలోకి రానిచ్చేవాడు కాదు.

మొదట్లో ఆ కథ పొట్టిది. నోట్లోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాను, ఎముక లాగాను, అది నా కాళ్లు నాకింది, అంతే. ఒకసారి పశువుల డాక్టరమ్మ తన ఆసుపత్రి బెంచీకి కొత్త రెగ్జిన్ వేయించుకుందామని వచ్చి, కథంతా విని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"కనపడని దానికోసం చెయ్యి దూరిస్తే అది ఇంకా లోపలికి దిగుతుంది బాబాయ్. పైగా చెయ్యి మీకు మిగలదు. దగ్గుతోందంటే గాలి ఆడుతున్నట్టే, దగ్గనివ్వాలి. దగ్గు కూడా రాలేదనుకోండి, వెనక నుంచి పట్టుకుని, పక్కటెముకలు అయిపోయిన చోట పిడికిలి ఆనించి, లోపలికీ తలవైపుకీ గట్టిగా తొయ్యాలి. వస్తువు పైకి కనబడితేనే వేళ్లతో తియ్యడం."

"నేను చేసిందీ అదేగా! మీకు తొందరని టూకీగా చెప్పాను" అన్నాడాయన కనురెప్ప వెయ్యకుండా.

ఆ మర్నాటి నుంచి సింహానికి వైద్యం మారిపోయింది. దుకాణానికి ఎవరొచ్చినా సరే, ఓ పెద్ద దిండును ముందేసుకుని, వెనక నుంచి వాటేసుకుని, పిడికిలితో పొడిచి చూపించేవాడు. ఎన్ని దిండ్లలో దూది ఉండలు కట్టిందో భార్యకే తెలుసు. మళ్లీ ఏకాల్సింది ఆవిడే మరి.

ఆవిడకో మచ్చల కుక్క ఉంది. పేరు మొద్దు. మొగుడు అన్నం తిన్నాడో లేదో మర్చిపోతుందేమో గానీ మొద్దు తిన్నదీ లేనిదీ మర్చిపోదు. ఒక మధ్యాహ్నం, దుకాణంలో సాయంగా ఉండే బావమరిది పాత సోఫాను తిరగేసి కాళ్ల కింది రబ్బరు బుడిపెలు ఊడబీకుతుంటే ఒకటి దొర్లుకుంటూ పోయింది. మొద్దు ఎగిరి అందుకుంది. అంతే, నోరు తెరిచింది, మెడ చాచింది, ముందుకాళ్లతో మూతి గీరుకుంది. చిన్న కూత కూడా లేదు.

"ఏమండీ! దగ్గడం లేదండీ! నాలుక నీలంగా అయిపోతోంది!"

సింహం బావ కుడుతున్న సూది పారేశాడు. గబుక్కున వెళ్లి నోట్లో చెయ్యి పెట్టాడు. కుక్క కసుక్కున కొరికింది.

"బావా, అది పాత కథ! కొత్త కథ చెయ్యి!" అని అరిచాడు బావమరిది.

"కొత్తదాంట్లో ముందేం చేశానురా?"

"వెనక్కెళ్లావు!"

వెళ్లాడు. చేతులు చుట్టాడు. "పిడికిలి ఎక్కడ పెట్టానే?"

"ఎముకలు అయిపోయిన చోటండీ! ఆ... అక్కడే! లోపలికి, తలవైపుకి!"

తోశాడు. ఏమీ రాలేదు. మళ్లీ తోశాడు. మొద్దు కాళ్లు వాలిపోతున్నాయి.

"సింహానికి ఒక్క తోపుకే ఊడిందన్నారుగా!" అని భార్య ఏడుపు లంకించుకుంది.

"సింహమూ లేదు, నా మొహమూ లేదు! దాని తల పట్టుకోవే!"

అలా నిజం బయటికొచ్చిన ఊపులోనే ఇంకో తోపు తోశాడు. దాంతో బుడిపె కూడా బయటికొచ్చింది. వచ్చి నేరుగా బావమరిది నుదుటికి తగిలింది. మొద్దు ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, ఖళ్లుఖళ్లున దగ్గి, తోక ఆడించింది. ఆవిడ దాన్ని ఒళ్లోకి లాక్కుంది. ఆయన దూది కుప్పలో కూలబడ్డాడు.

ఊడింది కదా అని ఊరుకోకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి ఎత్తుకెళ్లారు. డాక్టరమ్మ గొంతులోకి లైటు వేసి చూసింది, పక్కటెముకలు తడిమింది, ఆయన చేతి గాటుకు కట్టు కట్టి, సూది మందు వేయించుకోడానికి మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లమంది.

"బాగానే చేశారే! ఎక్కడ నేర్చుకున్నారు బాబాయ్?"

"ఇంకెక్కడ? సింహం దగ్గర" అన్నాడాయన.

"ఆ సింహానికి నేర్పింది నేనేగా!"

భార్య కిసుక్కున నవ్వింది గానీ, ఆ పూట ఆయన్ని ఏమీ అనలేదు. భోజనంలో ముందు ఆయనకే వడ్డించింది కూడా.

కొన్నాళ్లు ఆయన మొద్దు కథే చెప్పి చూశాడు. "పోనిద్దురూ, పెంపుడు కుక్కేగా. ఆ సింహం సంగతి చెప్పండి" అనేవారు జనం. ఇంకేం చేస్తాడు, మళ్లీ సింహమే. కాకపోతే ఇప్పుడు ఆయన దిండు అందుకుని పిడికిలి బిగించేసరికి, మొద్దు చప్పుడు చెయ్యకుండా లేచి కత్తిరింపు బల్ల కిందికి దూరిపోతోంది. ఆ కథను అక్షరం అక్షరం నమ్మేది ఆ దుకాణంలో అదొక్కటే.