రెండు సాయంత్రాల కోటు

పదకొండో ప్యాంటు అంచు మడిచి కుడుతుండగా సూది వేలిలో దిగింది. సూదక్క ఆ వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో పన్నెండోది ముందుకు లాక్కుంది. లాండ్రీ దుకాణం వెనకగదిలో, ఇస్త్రీ బల్లకీ గోడకీ మధ్య ఇరుకులో వేసిన ఆ కుట్టు మిషను దగ్గర ఆమె ఇరవైయారేళ్ళుగా కూర్చుంటోంది. పొడుగైనవి పొట్టి చేయడం, బిగుతైనవి వదులు చేయడం, ఊడిన గుండీలు కుట్టడం ఆమె పని. కొత్త గుడ్డ కత్తిరించి ఒక్క చొక్కా అయినా కుట్టింది లేదు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది. అందరూ పిలిచేది మాత్రం సూదక్క అనే.

మనిషి బక్కపలచన. ఏళ్ళ తరబడి మిషను మీదికి వంగి వంగి ఎడమ భుజం కిందికి జారిపోయింది. మెడలో టేపు ఉందన్న సంగతి మరిచిపోయి దానితోనే ఇంటికి వెళ్ళిపోయిన రోజులున్నాయి. ముఖాలు ఆమెకి బొత్తిగా గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. ముప్పైనాలుగు నడుమాయన వచ్చి వెళ్ళాడంటుంది తప్ప, ఎర్రగా ఉన్నాడో నల్లగా ఉన్నాడో చెప్పలేదు.

కొలతల వల్ల ఇన్నేళ్ళలో ఆమెకి ఒక సంగతి తెలిసింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. ఒళ్ళు కావాలని తగ్గించుకున్నవాళ్ళు ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటూ వస్తారు. ఊరికే తగ్గిపోతున్నవాళ్ళు మాత్రం బట్ట సాగిపోయిందంటారు, లాండ్రీలో పాడుచేశారని పోట్లాడతారు. అలాంటివాళ్ళు ఒకసారి కుట్టు లోపలికి పట్టించుకుని వెళ్ళి, రెండు మూడు నెలలకి మళ్ళీ అదే బట్ట పట్టుకొస్తారు. మూడోసారి ఎవరూ రాలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె భర్త కోటు ట్రయలుకి రావాలి. వారం రోజుల విహారానికి ఓడ ఎక్కడానికి తొమ్మిది రోజులే ఉంది. ఆ ఓడలో దుప్పట్లు ఉతికే పని చేస్తున్న మేనకోడలు, ఇంటివాళ్ళ కోసం దొరికిన రెండు చోట్లు వీళ్ళకిచ్చింది. ఇస్తూనే ఫోనులో భయపెట్టింది కూడా. ఏడు సాయంత్రాల్లో రెండింటికి కోటు లేకపోతే భోజనాల హాల్లోకి రానివ్వరట. చొక్కాతో తిరిగే మావయ్యలు గదిలో కూర్చుని తినాల్సిందేనట.

సూదక్క తన సంగతి పది నిమిషాల్లో తేల్చేసుకుంది. ఒక సాయంత్రం ముదురాకుపచ్చ చీర, రెండో సాయంత్రం నల్లది. ఆయనకి మూడు వారాలు పట్టింది. ముప్పైరెండేళ్ళు బస్సు నడిపి, యూనిఫారం తప్ప ఇంకోటి ఎరగని మనిషికి ఉన్నట్టుండి రంగుల మీద పట్టింపులు పుట్టుకొచ్చాయి. నల్లకోటు వేసుకుంటే వడ్డించేవాడనుకుని మంచినీళ్ళు అడుగుతారని భయం. బూడిదరంగు వేసుకుంటే జబ్బుమనిషిలా ఉంటానన్నాడు. రెండు సాయంత్రాలకీ ఒకటే కోటైతే జనం కనిపెట్టేస్తారని మరో బెంగ. మగవాళ్ళ కోటు ఎవరు చూస్తారండీ, లోపల చొక్కా మార్చండి చాలు అని ఆమె నచ్చచెప్పింది. ముస్తాబుకి ఆడవాళ్ళు తెమలరని పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, ఈయన్ని చూసి ఉండరు.

చివరికి ముదురు నీలం ఖాయమైంది. దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ఏడాది దాటినా ఎవరూ తీసుకెళ్ళని బట్టలు వెనకగదిలో ఒక కడ్డీకి చేరతాయి. పనివాళ్ళు వాటిలో నచ్చింది పట్టుకెళ్ళవచ్చు. నీలంకోటు అక్కడే దొరికింది. మెత్తటి ఉన్ని, కొమ్ముగుండీలు. చీటీ ఎప్పుడో ఊడిపోయింది. ఎవరిదై ఉంటుందని ఆమె ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే, ఆలోచన రాకుండా జాగ్రత్తపడింది. నెల క్రితం తొడిగి చూస్తే ఆయనకి కుట్టించినట్టే సరిపోయింది.

రెండు గంటలకి ఆయన వీధి మలుపులో కనిపించాడు. దుకాణం మెట్ల దగ్గర ఆగి, వంగి, బూటు లేసు కట్టుకున్నాడు. చాలాసేపు కట్టుకున్నాడు. కిటికీలోంచి చూస్తున్న సూదక్కకి ఆ బూట్లకి లేసులు లేవని తెలుసు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. తరవాత ఆయన ముఖానికి నవ్వు తగిలించుకుని లోపలికి వచ్చాడు. దుకాణంలో అందరూ ఇస్త్రీ బాబాయ్ అనే పెద్దాయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, పెళ్ళికొడుకు దిగాడని ఆటపట్టించాడు. పెళ్ళికూతురు ఇంకా ప్యాంట్లు కుడుతోందా అని ఈయన అందుకున్నాడు.

ఆయన చొక్కా విప్పి వచ్చాక ఆమె కోటు తొడిగింది. భుజాలు రెండూ కిందికి జారాయి. వీపు మీద గుడ్డ ముడతలు పడి నిలిచింది. ఆమె వెనక నిలబడి పిడికిలితో పట్టుకుంటే పిడికెడూ నిండింది. టేపు చుట్టి చూసింది. నెల క్రితం ఛాతీ ముప్పైఎనిమిది. ఇప్పుడు ముప్పైఆరు కూడా లేదు. టేపు వదులుగా పట్టుకున్నానేమోనని మళ్ళీ చుట్టింది. ఈసారి ఇంకో అరంగుళం తగ్గింది.

"బట్ట సాగినట్టుందోయ్," అన్నాడాయన అద్దంలోకి చూస్తూ.

ఆమె గుండుసూదులు పెట్టి, సుద్దతో గీత గీసి, కోటు విప్పించి తీసుకెళ్ళింది. మిషను దగ్గర కూర్చుని లోపలి అస్తరు విప్పింది. 

అస్తరు కింద పక్కకుట్టు వెంట అప్పటికే రెండు వరసలున్నాయి. ఒకసారి లోపలికి పట్టిన వరస, దానికి అంగుళం లోపల రెండోది. ప్రతి వరస చివరా దారం మూడుసార్లు అడ్డంగా తిప్పి ముడేసి ఉంది. అలా ముడేసేది ఆ దుకాణంలో ఆమె ఒక్కతే. ఈ కోటు నలభైరెండు ఛాతీ ఆయనది. లాండ్రీలో పాడుచేశారని ఓనరమ్మ మీద ఎగిరిపడినవాడు. రెండోసారి పట్టించుకోవడానికి ఇచ్చి, తీసుకోవడానికి రాలేదు. ఇప్పుడు ఆమె గీసిన సుద్దగీత మూడోది.

ఆమె కోటు చేత్తో పట్టుకుని భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన ట్రయల్ గది బయట కుర్చీలో బనీనుతో కూర్చుని, చేతులు ముడుచుకుని ఉన్నాడు. మెడ కింద ఎముకలు ఆమెకి అప్పుడే కనిపించినట్టయింది. రోజూ ఒకే కంచం దగ్గర కూర్చునే మనిషిని చూడకుండా ఎలా ఉన్నానా అని సిగ్గేసింది.

"నేనిది కుట్టను," అంది. "ఓడా వద్దు, ఏమీ వద్దు. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నేను వెళ్ళొచ్చాను."

"ఎప్పుడు?"

"పోయిన నెల. రెండుసార్లు."

ఏడుపు కంటే ముందు ఆమెకి కోపం వచ్చింది. ముప్పైనాలుగేళ్ళ కాపురంలో సాక్సు చిరిగినా తనకి చెప్పే మనిషి, ఇది దాచాడు. ఏమన్నారని ఆమె అడగకముందే ఆయనే నెమ్మదిగా చెప్పాడు. వైద్యానికి రమ్మన్నారట, మొదలుపెట్టినా పెద్దగా తేడా ఉండదన్నారట. ఓడ ప్రయాణం అయ్యాక వస్తానని ఈయనే చెప్పి వచ్చాడట.

"కుట్టవే," అన్నాడు. "నువ్వు ఇన్నేళ్ళూ ఊరందరి బట్టలూ సరిచేశావు. ఆ రెండు సాయంత్రాలూ నీ పక్కన సరైన బట్టల్లో నిలబడాలని ఉంది. తరవాత నువ్వు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తాను."

ఆమె వెనక్కి వెళ్ళి సుద్దగీత మీదే కుట్టింది. మిగిలిన గుడ్డ కత్తిరించలేదు. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి ఉండాలని, మొత్తం లోపలికి మడిచి అస్తరు వేసేసింది. అంత లావు మడత లోపల పెడితే పక్కల ఎత్తుగా కనిపిస్తుందని ఆమెకి తెలుసు. అయినా పెట్టింది.

నాలుగున్నరకి ఆయన బనీను మీదే కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. ఈసారి భుజాలు జారలేదు. పక్కకి తిరిగి చూసుకున్నాడు, గుండీలు పెట్టి తీసి పెట్టాడు. వడ్డించేవాడిలా లేనుగా అని అడిగాడు. ఓడ మీ సొంతమన్నట్టున్నారంది ఆమె. ఆయనకి ఆ మాట బాగా నచ్చింది. కోటు అలవాటు కావాలిగా, నీ పనయ్యేదాకా ఇలాగే ఉంటానంటూ కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆమె పన్నెండో ప్యాంటు ముగించింది. పదమూడోది కూడా ముగించింది. మిషను ఆపినప్పుడల్లా ఆయన అక్కడున్నాడా అని తలెత్తి చూసుకుంటోంది. ఆరింటికి ఓనరమ్మ బయటి దీపాలార్పి, తాళాల గుత్తితో వచ్చింది. లేవండి, వెళ్దాం అంటూ సూదక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం ఆమె చేతి కింద మెల్లగా పక్కకి ఒరిగింది.

ఇస్త్రీ బాబాయ్ పరుగున వచ్చి పట్టుకున్నాడు. డాక్టరు వచ్చాడు, చూశాడు, కాగితం రాశాడు. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు కోటు విప్పబోతే సూదక్క వద్దంది.  గుండీలు మూడూ పెట్టి, కాలరు సవరించి, వాళ్ళ వెంట నడిచింది.

మర్నాడు దుకాణం తెరిచిన ఓనరమ్మ ట్రయల్ గది తెర తీసింది. మేకుకి ఆయన ఇంటినుంచి వేసుకొచ్చిన గళ్ళచొక్కా వేలాడుతోంది, రెండు చేతులూ మోచేతుల దాకా మడిచినవి మడిచినట్టే.