రెండు చుక్కల దూరం

ఆమెకు తప్పులమ్మ అని పేరు పెట్టింది సొంత బావే, అక్క మొగుడు. ముద్దుగానే పెట్టాడు. ఆ రోజుల్లో ఇద్దరూ ఒకే వీడియో గేముల కంపెనీలో పనిచేసేవారు. టీవీకి మిషను తగిలించి, అందులో క్యాసెట్ దూర్చి ఆడే ఆటల కాలం అది. బావ ఆటలు తయారుచేసేవాడు. ఆమె వాటిని ఆడి తప్పులు పట్టేది. ఆ ఉద్యోగం ఇప్పించిందీ బావే. మిగతావాళ్లు పది ఆటల్లో పట్టలేని తప్పుల్ని ఆమె ఒక్క ఆటలో పట్టేది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటారే, అలాంటిది. కాకపోతే ఆమె పీకేవి నిజం ఈకలే.

ఆ కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. ఇప్పుడు తప్పులమ్మకు యాభై నాలుగేళ్లు. పాత టీవీలు, పాత గేము మిషన్లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతోంది. మూడడుగులు వేస్తే అటు గోడ తగులుతుంది. గోడ నిండా డొక్కు టీవీలు, బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, సీసాలో స్పిరిట్, డబ్బాలో దూది. ఇదంతా ఎవరికి కావాలి అని మొదట్లో అందరూ నవ్వారు. ఈమధ్యే లోకానికి పాతవాటి మీద మోజు పుట్టింది. అందులోనూ కొందరికి మరీ పిచ్చి. బజారుకు వచ్చిన ఆటలు వాళ్లకు ఆనవు. తయారై కూడా బయటికి రాని ఆటలు, కంపెనీ గదుల్లోనే పురుడుపోసుకుని అక్కడే కన్నుమూసిన నమూనాలు కావాలి వాళ్లకు. అలాంటి బోర్డు చేతికొస్తే నిజమైనదో కాదో తేల్చడానికి తప్పులమ్మ దగ్గరికే వస్తారు. ఆమె అవునంటే అవును, కాదంటే కాదు. ఆ మాట మీదే దుకాణం నడుస్తోంది.

ఒక మంగళవారం పొద్దున పాత సామాన్లవాడు ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద కుదేశాడు. ఒకప్పుడు మీరు పనిచేసిన ఆఫీసు భవనాన్ని ఎవరో కొని పడగొడుతున్నారనీ, నేలమాళిగలో ఇది దొరికిందనీ, పనికొస్తే ఉంచుకోమనీ చెప్పి వెళ్లిపోయాడు. లోపల ప్లాస్టిక్ డొప్పలు లేని ఉత్త పచ్చబోర్డులు, నలభై ఒకటి. పైనున్న చీటీలు చదివితే అన్నీ బజారుకు వచ్చిన ఆటలే. ఇంకెవరైనా అయితే అక్కడితో పెట్టె మూసేసేవారు.

తప్పులమ్మ మూయలేదు. చీటీని నమ్మకూడదన్నది ఆమె వృత్తిలో మొదటి పాఠం. ఈ నమూనా బోర్డుల మీద చిప్‌కి నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. దాంట్లోంచి ఒక రకం నీలి దీపపు వెలుగు పంపిస్తే లోపలున్న ఆట చెరిగిపోయి, చిప్ మళ్లీ కొత్త పలక అవుతుంది. ఎండ తగిలినా మెల్లగా చెరుగుతుంది కాబట్టి కిటికీ మీద చీటీ అంటించి, ఆట పేరూ, అది ఎన్నోసారి సరిదిద్దిన కూర్పో రాసిపెడతారు. పని తొందరలో ఉన్నవాడు ఏం చేస్తాడంటే, చీటీ పీకి, పాత ఆట చెరిపి, కొత్తది ఎక్కించి, మళ్లీ ఆ పాత చీటీనే అంటిస్తాడు. పేరు తరవాత మారుద్దాంలే అనుకుంటాడు. ఆ తరవాత అనేది ఎవరికీ రాదు. ఈ సంగతి తప్పులమ్మకు ఇప్పుడు బాగా తెలుసు. ఇరవై నాలుగేళ్ల వయసులో తెలియదు.

పదిహేడో బోర్డు మీద ‘చేపల వేట, మూడో కూర్పు’ అని ఉంది. బావ చేతిరాత. పక్కన ఎర్ర పెన్సిల్‌తో టిక్కు. ఆ టిక్కు ఆమెదే. ఆడి చూడడం అయిపోయిన ప్రతి బోర్డు మీదా అలా టిక్కు పెట్టి అయిపోయినవాటి ట్రేలో వేసేది. అయితే దీని మీద ఒకటి కాదు, రెండు టిక్కులున్నాయి. ఒక బోర్డును రెండుసార్లు ఎందుకు చూశానబ్బా అనుకుంది. అంచులు దూదితో తుడిచి, ముందు కంప్యూటర్లోకి నకలు తీసుకుని, తరవాత బోర్డును మిషన్లో పెట్టి టీవీ వేసింది.

చేపలు రాలేదు. నల్లటి తెర మీద చేతిలో దీపంతో ఒక బుల్లి మనిషి నడిచి వచ్చాడు. ‘దీపం మనిషి’ అని అక్షరాలు, కింద ‘పన్నెండో కూర్పు’ అని వచ్చాయి. తప్పులమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

ఈ లోకంలో లేదని ఆమె ముప్పై ఏళ్లుగా చెబుతూ వచ్చిన కూర్పు అది.

అప్పట్లో కంపెనీ పెద్దసారు రెండు ఆటల్లో ఒకదాన్నే బజారుకు పంపుతానన్నాడు. ఒకటి బావది, రెండోది ఇంకెవరిదో. ఏది అన్నది ఒక మధ్యాహ్నం తేలాలి. బావ రెండేళ్లు కూర్చుని చేసిన ఆట దీపం మనిషి. చీకటింట్లో ఒక్కో అంతస్తూ ఎక్కుతూ పోవాలి, దీపంలో నూనె అయిపోయేలోగా. తప్పులమ్మ ముందున్నది పదకొండో కూర్పు. అందులో ఏడో అంతస్తు దగ్గర మెట్లు విరిగి ఉంటాయి. ఈ కొస నుంచి ఆ కొసకు దూకాలి. ఆ దూరం బుల్లిమనిషి దూకగలిగిన దానికన్నా రెండు చుక్కలు ఎక్కువ. తెర మీద చుక్కంటే ఎంత, ఆవగింజంత. కానీ అందుకోలేని వాడికి ఆవగింజైనా ఆకాశమైనా ఒకటే. నూటపది సార్లు దూకించి చూసి, ‘ఏడో అంతస్తు దాటడం అసాధ్యం’ అని రాసి ఇచ్చింది.

తెల్లవారుజామునే సరిచేసి పన్నెండో కూర్పు నీ టేబుల్ మీద పెట్టాను కదా అన్నాడు బావ. నాకేమీ రాలేదు అంది ఆమె. పెద్దసారు ఆమె టేబుల్ మీదా ట్రేల్లోనూ ఉన్న బోర్డులన్నింటి చీటీలూ పైకి చదివించాడు. దీపం మనిషి పన్నెండు అనే చీటీ ఎక్కడా లేదు. రెండో ఆటే బజారుకు వెళ్లింది, పదిమందిలో బావ అబద్ధాలకోరైపోయాడు. మరదల్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఉద్యోగం పెద్దసారు మొహాన కొట్టి వెళ్లిపోయాడు. ఆ తరవాత జీవితమంతా ఒక ప్రెస్సులో పెళ్లిపత్రికలకూ బిల్లుపుస్తకాలకూ అక్షరాలు కూర్చుకుంటూ గడిపాడు. ఇంకో ఆట చెయ్యలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది అని బావ తల్లి ఊరంతా చాటింది. తప్పులమ్మ మాత్రం ఎవరడిగినా ఒకే మాట చెప్పింది: ఉన్నదే రాశాను. అక్క కూడా చెల్లెలి మాటే నమ్మింది. నమ్మి, ఆ మొగుడితోనే కాపురం చేసింది.

ఇప్పుడు తప్పులమ్మ ఆట మొదలుపెట్టింది. వేళ్లకు దారి ఇంకా గుర్తుంది. ఆరంతస్తులు గబగబా ఎక్కేసి ఏడో దాని దగ్గర ఆగింది. ఊపిరి బిగబట్టి దూకించింది. బుల్లిమనిషి అటు కొసన రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డాడు. దీపం కూడా వణకలేదు.

రెండో టిక్కు సంగతి అప్పుడర్థమైంది. ఆ పొద్దున ఈ బోర్డు ఆమె టేబుల్ మీదికి వచ్చింది. చీటీ మీద చేపల వేట అని చూసి, దీన్ని ఎప్పుడో ఆడేశాం కదా అని, మిషన్లో పెట్టకుండానే ఇంకో టిక్కు కొట్టి ట్రేలోకి గిరాటేసింది. ప్రపంచంలోని తప్పులన్నీ పట్టే మనిషి, స్విచ్ వేసి చూడకుండా టిక్కు కొట్టింది.

రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. నిజం చెప్పాలంటే, ఆ రెండు రోజులూ ఆమె బుద్ధి పెద్ద గొప్పగా ఏమీ పనిచెయ్యలేదు. చీటీ పీకి చెత్తబుట్టలో వేస్తే టిక్కులు పోతాయి, ఎవరికీ తెలియదు అనుకుంది. ఆట దొరికిందని చెప్పి, టిక్కుల మాట దాచేస్తే ఎలా ఉంటుందని కూడా అనుకుంది. నమూనాలు సేకరించే ఒకాయన ఫోన్ చేసి పెట్టెలో మంచిదేమైనా తగిలిందా అని అడిగితే, అన్నీ మామూలువే అనేసింది. ఇన్నేళ్లలో ఒక బోర్డు గురించి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దున మిషనూ బోర్డూ సంచిలో వేసుకుని అక్క ఇంటికి వెళ్లింది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆమె గుమ్మంలో కనబడగానే బావ అలవాటు ప్రకారం పేపరు మడిచి, చెప్పుల కోసం చూశాడు. ఆమె వస్తే ఆయన నడకకు పోతాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఆరోగ్యం అంత బాగుండడానికి ఆ నడకలే కారణమని అక్క ఒకసారి అంది.

"వెళ్లకండి బావా," అంది తప్పులమ్మ. "ఆ రోజు మీరు బోర్డు పెట్టారు. నేనే చూడలేదు."

బావ ఒక కాలికి చెప్పు వేసుకుని అలాగే ఆగిపోయాడు. ఆమె బోర్డు ఆయన చేతిలో పెట్టి, టిక్కులు చూపించి, జరిగిందంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. మీ బతుకు పాడుచేశాను అంది. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని చీటీ వైపు చాలాసేపు చూశాడు. ఆశ్చర్యపడుతున్న మనిషిలా లేడు. ఆమెకు అది వింతగా తోచింది.

"చీటీ మార్చలేదని నాకు మర్నాడే గుర్తొచ్చింది," అన్నాడు. "పొద్దున పళ్లు తోముకుంటుంటే."

తప్పులమ్మ మరి చెప్పలేదేం అని అడిగింది.

"అప్పటికే నిన్ను పదిమందిలో నానా మాటలూ అన్నాను కదా. తప్పు నాదేనని వెనక్కి ఏ మొహంతో రాను? కోపం చల్లారాక ఓ వారం చూసి చెబుదామనుకున్నాను. వారం పోయాక చెప్పడం ఇంకా కష్టమైంది."

అంతవరకూ ఏడుపు మొహంతో నిలబడ్డ తప్పులమ్మకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు తననొక ద్రోహిలా చూసి గుమ్మం దిగిపోయిన మనిషికి, ఆ ద్రోహంలో సగం తనదేనని మొదటి నుంచీ తెలుసు! మీకసలు మనసనేది ఉందా అని అడిగేసింది. ఉంది కాబట్టే నీ మొహం చూడలేక వెళ్లిపోయేవాణ్ని అన్నాడు ఆయన. స్విచ్ వేసి చూస్తే నీ సొమ్మేం పోయేది అని మళ్లీ ఆయనే అన్నాడు. చీటీ రాస్తే మీ వేళ్లు అరిగిపోయేవా అని ఆమె అంది. అలా ఇద్దరూ అప్పటి లెక్కలోకి దిగి గొంతులు పెంచారు.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఇద్దరూ చూడలేదు. చేతిలో కడుగుతున్న గిన్నె అలాగే ఉంది, నీళ్లు నేల మీద కారుతున్నాయి.

"మా ఆయన అబద్ధాలాడతాడు అనుకుంటూ కాపురం చేశాను," అంది అక్క. కేకలు వెయ్యలేదు. "అమ్మ పోయినప్పుడు మీరు ఈ గదిలో, ఇది ఆ గదిలో. ఎవరి పక్కన కూర్చుని ఏడవాలో తెలియక వంటింట్లోకి పోయి ఏడ్చాను. పండక్కో పబ్బానికో ఫోన్ చేసి బావ నిన్ను అడిగారే అని దీనికి చెప్పేదాన్ని. చెల్లి మిమ్మల్ని అడిగిందండీ అని మీకు చెప్పేదాన్ని. ఒక్కనాడూ ఒక్కరూ అడగలేదు. అన్నీ నేనే కల్పించాను."

తప్పులమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ తాను నష్టపోయాననుకుంది, ఈ అయిదు రోజులూ బావ నష్టపోయాడనుకుంది. ఈ మూడో మనిషిని లెక్కలోకే తీసుకోలేదు. బావ తలుపు వైపు చూశాడు గానీ రెండో చెప్పు వేసుకునే ధైర్యం చెయ్యలేదు.

అక్క గిన్నె కింద పెట్టి, చీర చెంగుకు చేతులు తుడుచుకుంది. "ఆ ఆట ఏదో నాకు చూపించండి. ఇంత సంసారాన్ని మింగిన దాన్ని నేనింతవరకు కళ్లతో చూడలేదు."

తప్పులమ్మ మిషనుకు తీగలు తగిలించింది. బావ వంగి టీవీ వెనక తీగ పట్టుకున్నాడు. చేతులు తగిలితే ఇద్దరూ పక్కకు జరిగారు. చీకటి తెర మీదికి దీపం పట్టుకుని బుల్లిమనిషి వచ్చాడు. అక్క నేల మీద కూర్చుని, మీటలున్న పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. ఏ మీట దేనికో తెలియదు. ఒకటి నొక్కింది. బుల్లిమనిషి మొదటి మెట్టు మీద నుంచే జారి కింద పడ్డాడు. దీపం ఆరిపోయింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే," అన్నాడు బావ.

దూకడానికి కుడివైపు మీట అని తప్పులమ్మ చెప్పబోయింది. అక్క చేత్తోనే ఆపింది. మళ్లీ నొక్కింది, మళ్లీ పడ్డాడు. మూడోసారి ఒక మెట్టు ఎక్కాడు. అక్క ఇద్దరి వైపూ తిరిగి చూడకుండానే, ఏడో అంతస్తు తన కళ్లతో చూసేదాకా ఈ గదిలోంచి ఎవరూ లేవడానికి వీల్లేదంది. మధ్యాహ్నం దాటేసరికి రెండో అంతస్తు దాకా వచ్చింది. బావ చెప్పు విప్పేసి ఆమెకు ఒక పక్క కూర్చున్నాడు. తప్పులమ్మ రెండో పక్క కూర్చుంది. ఎవరూ లేవలేదు.