మేకల కొట్టంలో సీసాలు

మా తోడికోడలికి మేకలంటే గిట్టదు. పైకి అనదు, ముక్కు మూసుకుని నవ్వుతుంది. అందుకే కొట్టంలో నేను కట్టిన ఈగల సీసాలు చోటు మారుతుంటే నాకు వేరే మనిషి తట్టలేదు.

మా మేకపిల్లకు ఈగలు ముసిరి ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది పుసి కడుతోంది. "వారంలో ఈగలు తగ్గకపోతే ఇదీ దక్కదమ్మా" అన్నాడు పశువుల డాక్టరు. నాలుగు సీసాల్లో పంచదార నీళ్లు పోసి, చేప తలలు వేసి, సరిగ్గా పిల్ల పడుకునే చోట పైన వేలాడదీశాను. వాటిలో దూరిన ఈగ మళ్లీ బయటికి రాలేదు.

పొద్దున కడితే మధ్యాహ్నానికి అవి పెరటి గోడకు వేలాడుతుండేవి. రెండు రోజులు తిరిగి తెచ్చి లోపలే కట్టాను. మూడో రోజు గడ్డిమోపుల వెనక నక్కాను. అనుకున్నట్టే వచ్చింది మహాతల్లి. పిల్లిలా అడుగులేస్తూ ఒక్కో సీసా విప్పసాగింది.

"దొరికావా!" అంటూ ముందుకు దూకాను.

ఆమె బెదరలేదు. "అక్కా, ఈ కంపుకు వీధిలో ఈగలన్నీ ఇక్కడికే వస్తున్నాయి. సీసాలో పడేవి పదైతే పిల్ల కంటి మీద వాలేవి వంద. దూరంగా కడితే అటే పోతాయి కదా. మొన్నే చెప్పాను, విన్నావా?"

"నీ తెలివి నీ దగ్గరే ఉంచుకో. మేకలు పోయి కొట్టం ఖాళీ అయితే బట్టలు ఆరేసుకోవాలని నీ ఎత్తు. నాకు తెలియదా?"

ఆమె ముఖం చిన్నబోయింది. నాకు జాలి కలగలేదు. సీసాలు మళ్లీ లోపలే కట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. మేత వేయడానికీ నేనే, నీళ్లు పెట్టడానికీ నేనే.

మూడు రోజులు నా మాటే నెగ్గింది. నాలుగో పొద్దున తాళం తీస్తే ఈగలు జుయ్యిమంటూ ముఖం మీదికి లేచాయి. సీసాలు నల్లగా నిండాయి, దూలాలూ నల్లగానే ఉన్నాయి. పిల్ల రెండో కన్ను అతుక్కుపోయింది. తల్లి ఎక్కడుందో తెలియక అది గోడకు తల కొట్టుకుంటోంది.

పరుగెత్తి డాక్టరును పిలుచుకొచ్చింది తోడికోడలే. ఆయన కన్ను కడిగి, రెప్పలు మెల్లగా విడదీసి చూశాడు. "చూపుంది. మందు వేస్తే దక్కుతుంది" అని, తలెత్తి సీసాలు చూశాడు. "వీటిని లోపల కట్టిన మేధావి ఎవరు?"

ఇక నా పరువు పోయిందనుకున్నాను. ఆమె స్థానంలో నేనుంటే వదిలేదాన్ని కాదు.

"తెలియక మేమే కట్టామండీ" అంది ఆమె, నా వైపు చూడకుండా.

అప్పుడు కూడా ఇందులో ఏం ఎత్తుందా అని నా పాడు మనసు ఒక్క క్షణం వెతికింది. ఏమీ దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టి, సీసాలు విప్పేందుకు ఎత్తుపీట తేవడానికి వెళ్లాను.