ఉట్టి మీద జూకాల చెట్టు

నేను ఒక పెరుగు కుండను. మదనపల్లె దగ్గర ఒక కుమ్మరి సారె మీద పుట్టి, ఆవంలో కాలి, సంతలో మునెమ్మ చేతికి వచ్చాను. కొనేముందు ఆవిడ నన్ను తిప్పి తిప్పి చూసి, వేలితో మూడుసార్లు కొట్టి మోత విన్నది. కోడలిని తెచ్చుకునేటప్పుడు కూడా అంత పరీక్ష చేయలేదని తర్వాత తెలిసింది. తొమ్మిదేళ్లు ఆ ఇంటి పెరుగంతా నాలోనే తోడుకుంది. అడుగున సన్నని చిల్లు పడ్డాక, పారెయ్యడానికి మనసొప్పక నన్ను అటక మీద బోర్లించింది.

కోడలు నళిని రాకపోతే అక్కడే ఉండిపోయేదాన్ని. ఆ పిల్ల కూనూరు కొండల్లో, టీ తోట క్వార్టర్స్‌లో పెరిగింది. బట్టల పెట్టెతోపాటు తడిగుడ్డ చుట్టిన చిన్న మొక్క ఒకటి తెచ్చుకుంది. పేరు ఫ్యూషియా అట. ఎర్రటి రెక్కలు, వాటి కింద ఊదారంగు కుచ్చెళ్లు, పూలన్నీ తల కిందికి వేలాడుతూ ఉంటాయి. చూడగానే మునెమ్మ జూకాల చెట్టు అంది. ఆ ఇంట్లో అదే పేరు ఖాయమైంది.

అది నళిని వాళ్లమ్మ పెంచిన చెట్టు కొమ్మ. అమ్మ పోయింది. క్వార్టర్స్‌లోకి వచ్చిన కొత్తవాళ్లు పెద్ద చెట్టును పీకేసి కొత్తిమీర చల్లుకున్నారు. ఇక మిగిలింది ఇదొక్కటే.

దీని వేళ్లకు వేడి పడదని, మట్టి కుండైతే చల్లగా ఉంటుందని నళిని నన్ను దింపింది. చిల్లును మేకుతో కాస్త పెద్దది చేసి, ఆకు ఎరువు కలిపిన మట్టి నింపి, తూర్పు వసారాలో తులసికోట పక్కన ఉట్టిలో వేలాడదీసింది. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. పెరుగు తప్ప మరొకటి ఎరగని నాకు ఇదంతా భలే వింతగా ఉండేది. వేళ్లు మెల్లగా వచ్చి నా గోడను తడిమేవి. ఎక్కడికి పోదామని వీటి ఆరాటం అనుకునేదాన్ని.

ఒకరోజు నళిని లేత చిగుళ్లను గిల్లేస్తుంటే మునెమ్మ హడలిపోయింది.

"బాగా పెరిగేదాన్ని గిల్లుతావేందే?"

"గిల్లితేనే గుబురుగా వస్తుందత్తా. మా అమ్మ ఇట్లాగే చేసేది."

గుబురుగానే వచ్చింది. మాఘమాసంలో పదకొండు పూలు పూసింది. నళిని వాటి కింద నిలబడి తల పైకెత్తి చూస్తూ చాలాసేపు ఏడ్చింది. పూలు పూస్తే ఎందుకు ఏడుస్తారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఎండలు ముదిరాక చెట్టు వాలడం మొదలుపెట్టింది. ఆకులు పసుపెక్కి రాలాయి. నళిని ఆకుల మీద నీళ్లు చిలకరించింది, గోనెపట్టా తడిపి అడ్డం కట్టింది. మన ఊరి ఎండకు కొండ చెట్టు ఆగదని ఇంట్లో అందరూ తేల్చారు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. చెప్పడానికి నోరుంది గాని మాట లేదు.

చివరికి నళిని ఉట్టిలోంచి నన్ను దించబోయి బరువుకు తూలింది.

"నేను పొద్దున ఒక్క చెంబే పోస్తున్నానే. ఇన్ని నీళ్లెక్కడివి?"

తులసికోట దగ్గర మునెమ్మ ఆగిపోయింది. "నేనూ ఒక చెంబే కదమ్మే పోసేది. తులసమ్మకు పోసి పక్కనుండేదానికి పొయ్యకుంటే బాగుంటాదా? మధ్యాన్నం వాలిపోయుంటే పాపమని ఇంకో చెంబు."

మామగారు చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు. "సూర్యునికి ఇడిసిన నీళ్లు కాళ్లకింద పడగూడదని నేనూ దాంట్లోనే పోస్తా ఉండా."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా అడుగు చిల్లేమో మట్టితో ఎప్పుడో పూడుకుపోయింది. దాహంతో చస్తుందని జాలిపడి, అందరూ కలిసి దాన్ని నీళ్లలో ముంచారు.

వేళ్లు కుళ్లాయేమో చూడాలంటే చెట్టు బయటికి రావాలి. నా కడుపు పెద్దది, మెడ సన్నది. పెరుగుకు అది మంచిదే. నళిని గరిటె పెట్టి కెలికితే వేళ్లు తెగుతున్నాయి.

మునెమ్మ వంటింట్లోకి పోయి పచ్చడిబండ తెచ్చింది.

"వద్దత్తా, నీ కుండ."

"కుండ సంతలో దొరకతాది. మీయమ్మను యాడ తెచ్చేది?"

ఒకే దెబ్బ. నొప్పి పుట్టలేదని అబద్ధం చెప్పను. కాని పగిలిన మరుక్షణం, ఇన్నాళ్లూ నన్ను తడిమిన వేళ్లను మొదటిసారి పూర్తిగా చూశాను. దాదాపు అన్నీ నల్లబడి మెత్తగా అయిపోయాయి.

చెట్టు బతకదని నళినికి తెలిసింది. ఇంకా పచ్చగా ఉన్న కొసల్ని ఐదింటిని కత్తిరించి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చి, మీద గాజు గ్లాసులు బోర్లించింది. చెట్టు నాలుగో రోజున ఎండిపోయింది. ఐదు కొమ్మల్లో మూడు నల్లబడ్డాయి. మిగిలినవి వేరు పట్టేదాకా మూడు వారాలూ మునెమ్మ గ్లాసుల దగ్గరికి రావడానికే భయపడింది.

రెండు కొమ్మలు చిగురించాయి.

వాటికి వెడల్పు మూతి కుండీలు వచ్చాయి. నీళ్ల చిల్లు మట్టితో పూడుకోకుండా అడుగున నా పెంకులు పేర్చారు. రెండు కుండీల్లోనూ నేనే ఉన్నాను. చీకట్లో పడుకుని, కొత్త వేళ్లు ఎప్పుడు కిందికి వస్తాయా అని చూస్తున్నాను.

చెంగల్రాయుడు ఇప్పుడు ఒక పళ్లెం పెట్టుకుని అందులో సూర్యునికి నీళ్లు వదులుతున్నాడు. మునెమ్మ మాత్రం రోజూ తులసికి పోశాక చెంబులో కాస్త మిగుల్చుకుని కుండీల దగ్గరికి వస్తుంది. మట్టిలో వేలు పెట్టి చూస్తుంది. అయినా తనమీద తనకు నమ్మకం చాలదు.

"నళినీ, మీయమ్మకు ఈ పూట నీళ్లు కావల్నేమో చూడుమే" అని పిలిచి, కోడలు వచ్చేదాకా చెంబు పట్టుకుని అక్కడే నిలబడుతుంది.