కిటికీ కింద తడి

అత్తగారికి మళ్ళీ జ్వరం వచ్చింది. మూత్రంలో మంట, వణుకు, మాటలో తడబాటు, అన్నీ క్రితంసారి లాగే. ఆస్పత్రిలో డాక్టరమ్మ మందులు రాస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"ఈవిడకు నీళ్ళిచ్చే దిక్కే లేదా ఇంట్లో? ఈసారి మూత్రపిండాల దాకా పాకితే నా చేతిలో ఉండదు."

పక్కనున్న ఆడపడుచు కోడలి వైపు చూసిన చూపుకు మాటలు అక్కర్లేకపోయాయి. ఇల్లు చేరాక ఆ మాటలూ వచ్చాయి.

"నీళ్ళు తాగి మా అమ్మ మాటిమాటికీ మంచం దిగితే నీ కుట్టుమిషన్ ఆగిపోతుంది. అందుకే నోరెండగట్టావు. అంతేగా, వదినా?"

"గంటగంటకూ గ్లాసు నింపి ఇస్తున్నాను. ఖాళీ గ్లాసే తీసుకెళ్తున్నాను. కావాలంటే మీ అమ్మనే అడుగు."

అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. అది చూసి కోడలికి ఒళ్ళు మండిపోయింది.

"నూలు లోబట్టలు నేనే కుట్టిచ్చాను. వచ్చినప్పుడు ఆపుకోవద్దన్నాను. ముందునుంచి వెనక్కి కడుక్కోవాలని డాక్టరమ్మ చెప్పిన మాటే చెప్తే మీ అమ్మ ఏమందో తెలుసా?"

మంచం మీంచి గొంతు లేచింది. "ముగ్గురిని కన్నదాన్ని, కడుక్కోవడం నీ దగ్గర నేర్చుకోవాలా అన్నాను. ఇప్పుడూ అంటాను."

"విన్నావుగా?" అంది కోడలు.

"విన్నాను. నువ్వు చెప్పే తీరు అలా ఉంటుంది మరి," అంది ఆడపడుచు.

అంతలో తలుపు దబదబా మోగింది. కింద బండి పెట్టుకున్న ఇస్త్రీ అతను, చేతిలో తడిసిన తెల్లచొక్కాతో నిలబడ్డాడు.

"మీకో దణ్ణం తల్లీ! రోజూ పైనుంచి ఈ నీళ్ళేమిటి? బండికి రేకు కప్పినా పక్కనుంచి కొడుతున్నాయి. వానైనా ఇంత వేళ తప్పకుండా రాదు."

"మా కిటికీలోంచేనా?" అని అడిగింది కోడలు.

"మంచం పక్కదే. పెద్దమ్మగారి చెయ్యీ చూశాను, గ్లాసూ చూశాను."

అతను గొణుక్కుంటూ దిగిపోయాడు. ఆడపడుచు మొహం పాలిపోయింది.

"ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవరి నోరెండగట్టారో," అంది కోడలు.

"ఎందుకమ్మా ఇలా?" అంది ఆడపడుచు.

అత్తగారు మెల్లగా లేచి కూర్చుంది. "తాగితే లేవాలి. లేస్తే దీని చెయ్యి పట్టుకోవాలి. తడిగుడ్డ పిండినట్టు పట్టుకుంటుంది. తలుపు దగ్గర నిలబడి అయిందా, అయిందా అంటుంది. అలా అంటుంటే అయ్యేది కూడా అవదు. సగంలో లేచి వస్తాను. దానికంటే దాహమే నయం."

చెప్తూ జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతి పైన వేళ్ళ గుర్తులు కమిలి ఉన్నాయి. కోడలు వాటిని చూసింది. మిషన్ మీద సగంలో వదిలిన గుడ్డ కోసం తొందరపడిన తన వేళ్ళే అవి. తప్పయిందన్న మాట నాలుక దాకా వచ్చింది. ఆ మనిషికి చెప్పడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

మర్నాడు కోడలు పిలిపించిన వడ్రంగి వచ్చాడు. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా గోడ పొడుగునా పట్టుకోవడానికి నున్నటి కర్ర బిగించాడు. లోపల కూర్చునే చోట ఇంకొకటి బిగించాడు. అతను వెళ్ళాక కోడలు గ్లాసుతో మంచం ముందు నిలబడింది.

"ఇక నా చెయ్యి మీకు అక్కర్లేదు. తలుపు దగ్గరికి కూడా రాను. లోపల ఎంతసేపైనా కూర్చోండి. కానీ ఇది నా కళ్ళెదుట తాగాలి."

"ఏం కలిపావో ఎవరికి తెలుసు!"

కోడలు ఒక గుక్క తాగి గ్లాసు ముందుకు చాపింది.

"ఎంగిలి చేశావు," అంది అత్తగారు. "ఇంకోటి తే."

ఇంకోటి తెచ్చింది. అత్తగారు ఆమె కళ్ళలోకే గుచ్చి చూస్తూ, అడుగు కనబడేదాకా తాగింది. కాసేపటికి గోడకున్న కర్ర పట్టుకుని, ఆగి ఆగి నడిచి వెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపు బయటికి రాలేదు. కోడలు పళ్ళు బిగించి, తల ఎత్తకుండా మిషన్ తొక్కుతూనే ఉంది.